ఎర్రగడ్డలకు పోయిన సోగత్తూరు పెళ్ళి

నన్ను అడగకుండానే నా హార్డ్ డిస్క్‌ను పాత ఇనుముకు వేసేశాడు కంప్యూటర్ షాపాయన. హెచ్‌డీ వీడియో ఎడిట్ చేయలేక నా పాత కంప్యూటర్ నిలిచిపోతుంటే, ర్యామ్ పెంచి, పాత డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేయమని ఇచ్చాను. ఈ రోజు తెచ్చుకుని చూస్తే వేగం బాగుంది, ఫైళ్ళే లేవు. సోగత్తూరులో నేను తీసిన పెళ్ళి వీడియో మొత్తం ఆ పాత డిస్క్‌లోనే ఉంది. కెమెరా కార్డు నేనే చెరిపేశాను.

పరిగెత్తుకుంటూ పోయి అడిగాను: “అన్నా, నా పాత డిస్క్ యాడ?”

“పాతది ఎందుకప్పా నీకు? కొత్తది వేసినాను గదా! పొద్దున సైకిలాయన వచ్చినాడు, ఇనుముతో పాటు వేసేసి ఎర్రగడ్డలు తీసుకుంటిని. నువ్వూ రెండు ఎత్తుకుపో.”

పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చి పోయిన ఆ సైకిలాయనది ఏ ఊరో కూడా ఈయనకు తెలియదట. పెళ్ళికూతురికి నేనేం చెప్పాలి? మళ్ళీ తాళి కట్టించుకోమనాలా? మీరే చెప్పండి.

షాపన్నా, ఈ పోస్టు నువ్వూ చూస్తావు. ఆ సైకిలాయన్ని వెతికి డిస్క్ తెచ్చివ్వు. రేపు మధ్యాహ్నం పన్నెండులోపు నాకు జవాబు కావాలి.