విశ్వనాథం గారి బుకోవినా

యూరప్‌లో బుకోవినా అనే ప్రాంతాన్ని రెండు దేశాలకు పంచి ఇచ్చింది కెనడాలో మా రెజైనా ఊరి విశ్వనాథం గారే, అదీ అట్లకాడతో. సరే, అంత కాదు లెండి. దాని ఉత్తర భాగం ఉక్రెయిన్‌లోకీ, దక్షిణ భాగం రొమేనియాలోకీ పోయేనాటికి ఆయన ఇంకా పుట్టలేదు. పుట్టిన తర్వాత మాత్రం ఆ పంపకాన్ని ఒక్క పూట కూడా ఆపలేదు.

యూనివర్సిటీలో భూగోళం చెప్పి రిటైరైన ఆయన బుకోవినాలో ఏనాడూ కాలు పెట్టలేదు. అయినా కంటబడిన ప్రతి వస్తువులోనూ ఆయనకు అదే కనిపించేది. పెసరట్టు మధ్యన గీత పెట్టి, "పైది ఉక్రెయిన్, కిందిది రొమేనియా. రొమేనియాలో అల్లం ఎక్కువైంది" అనేవారు. చలికాలం రజాయిని కూడా అలాగే పంచేవారు. భార్య ఈశ్వరమ్మ గారికి ఏ దేశం వచ్చినా అది ఆవిడ పాదాల దాకా వచ్చేది కాదు.

ఆ జనవరిలో వాళ్ల బేస్‌మెంట్‌లో యుద్ధం మొదలైంది. అక్కడ అద్దెకుండే వరంగల్ అనన్య, గుంటూరు నిఖిల ఒకే విమానంలో దిగి, ఒకే కంచంలో తిన్న పిల్లలు. నిఖిల ముచ్చటపడి కొనుక్కున్న నాన్‌స్టిక్ పెనాన్ని అనన్య స్టీల్ పీచుతో తళతళా తోమిపెట్టింది. అంతే, మాటలు ఆగిపోయాయి.

"ఊరి చివర రూమ్ దొరికింది ఆంటీ. శనివారం వెళ్లిపోతా" అంది నిఖిల.

"అక్కడికి బస్సే సరిగ్గా రాదు కదమ్మా. కాలేజీకెట్లా?"

"నడుస్తా."

"మైనస్ ముప్ఫైలోనా?"

పక్క గదిలో అనన్య హెయిర్ డ్రయర్ ఠక్కున ఆగిపోయింది.

ఈశ్వరమ్మ గారికి ఆ రోజు అన్నం సయించలేదు. "మీరైనా ఏదో ఒకటి చెయ్యండి" అన్నారు భర్తతో. ఆయన ముగ్గుపిండి డబ్బా పట్టుకుని కిందికి దిగి, వంటగదిలో గీత గీశారు.

"గిదేంది అంకుల్?" అంది అనన్య.

"సరిహద్దు. శనివారం దాకా ఈ వంటగది బుకోవినా. స్టవ్వు వైపు నీది, ఉక్రెయిన్. సింకు వైపు నిఖిలది, రొమేనియా. చెయ్యి చాపాలన్నా అవతలి దేశాన్ని నోటితో అడగాలి. టెక్స్టులు చెల్లవు."

"ఇదేం పిచ్చి ఆంటీ?" అంది నిఖిల.

"నాకు అలవాటైపోయిందమ్మా" అన్నారు వెనకే మెట్లు దిగిన ఈశ్వరమ్మ గారు.

సాయంత్రం ఆవిడ మెట్ల మీద చెవి ఒగ్గి కూర్చున్నారు.

"నీళ్లు" అంది అనన్య గొంతు.

"ఏంటి?"

"నీళ్లు గావాలె. అడుగుతున్న గదా."

"బియ్యం కూడా ఇటే ఉన్నాయి. అవి కూడా అడుగు."

"నువ్వేం పచ్చి వంకాయలు తింటవా? స్టవ్వు అడుగు మరి."

సింకులో కుళాయి తిప్పిన చప్పుడైంది.

"మా ఇంట్ల అన్నీ ఇనుప పెనాలేనే" అంది అనన్య నెమ్మదిగా. "పీచుతోనే తోముతం. నీదని ఇంకింత గట్టిగ తోమిన."

"ఇంకింత గట్టిగానా?" అంది నిఖిల. ముందు ఎవరు నవ్వారో ఈశ్వరమ్మ గారికి తెలియలేదు. శనివారం వచ్చింది గానీ, నిఖిల పెట్టె మాత్రం మెట్లెక్కలేదు.

నేల తుడుద్దామని కిందికి దిగిన ఈశ్వరమ్మ గారు ఆ గీతను అప్పుడు సరిగ్గా చూశారు. కుక్కర్ అటు, బియ్యం బస్తా ఇటు. పప్పు ఇటు, పోపులపెట్టె అటు. గీత ఉప్పు డబ్బా చుట్టూ కూడా ఒక మెలిక తిరిగింది.

"ఏ మ్యాపులో ఉందండీ ఈ సరిహద్దు? ఏ దేశానికీ పూట గడవకుండా గీశారు" అన్నారు పైకొచ్చి.

విశ్వనాథం గారు పేపరు కిందికి దించలేదు. ప్యాంటు మోకాళ్ల మీద ముగ్గుపిండి ఇంకా తెల్లగా ఉంది.

"ఏ గీత? నేనసలు కిందికే దిగలేదు" అన్నారు. "ఆ పిల్లలు ఎప్పుడు దెబ్బలాడుకున్నారు? ఇవన్నీ ఎవరు పుట్టిస్తారో గానీ, ఒక్క ముక్క కూడా నిజం కాదు."