సిరిసిల్లలో చుట్టపుచూపు

జగిత్యాలలో ఒక పాత హాలును ఇల్లులేనివాళ్లకు వసతిగా మార్చే పని నాకు అప్పగించారు. ప్లాను గీతలు గీసేముందు పక్క ఊళ్లవి చూసొద్దామని పొద్దున ఏడింటికి పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్ గనుక దారిఖర్చంతా మిర్చిబజ్జీలకే.

కోరుట్లలో వసతి గృహం అద్దంలా ఉంది. మంచాలు, ఫ్యాన్లు, కొత్త దుప్పట్లు. లేనిది మనుషులే. బస్టాండులో లచ్చవ్వ అనే పెద్దామె మూట పక్కన పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఇల్లు కూలినప్పటి నుంచి పడక అక్కడేనట.

"మంచాలున్నయి గదా అవ్వా, లోపల పండుకోరాదు?"

"బోర్డు సదివినవా? 'నిరాశ్రయులు' అని గింత పెద్ద అక్షరాలు! గా ఇంట్లకెళ్లి బయటికి అస్తుంటె మా వాడకట్టోళ్లు సూసిండ్రంటె ఇజ్జత్ పోదా? ఈడ కూసుంటె బస్సు కోసమనుకుంటరు."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ వానలు దగ్గరపడ్డాయి, బస్టాండు పైన రేకులకు చిల్లులు. నాకు గుబులేసింది.

కథలాపూర్, చందుర్తి, వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నమైంది. దుమ్ము, చెదిరిన జుట్టు, చంకలో సంచి. వసతి చూసుకునే రాజేశం గుమ్మంలోనే చెంబుతో నీళ్లిచ్చాడు.

"అచ్చినవా అక్కా? కాళ్లు కడుక్కో, అన్నం తిందువు."

నేనెవరో చెప్పబోతే "ముందుగాల తిను" అని పప్పుచారు పోశాడు. తినకముందు చుట్టాన్ని వివరాలడగడం ఇక్కడ మర్యాద కాదు. నేను చెయ్యి కడుక్కున్నాక మెల్లగా అన్నాడు: "గోడ దిక్కు మంచం నీది. గీ పెట్టె తాళంచెవి నీ తాననే ఉంచుకో. ఎన్ని దినాలున్నా ఎవ్వలేమనరు."

నన్ను దిక్కులేనిదాన్ననుకున్నాడు! సంగతి చెప్పగానే నాలుక కరుచుకున్నాడు. మంచాల మీది సాంచాల కార్మికులు, మరమగ్గాలు నడిపేవాళ్లు, పడీపడీ నవ్వారు. నాకు కోపం రాలేదు, కడుపు నిండింది. గుమ్మం పైన చూస్తే బోర్డే లేదు.

"ఎవలన్న అడిగితె 'రాజేశమింట్ల ఉంటున్న' అని చెప్త," అన్నాడు వాళ్లలో ఒకతను.

తిరుగుదారి చుట్టయినా కోరుట్ల మీదుగానే వచ్చాను. కథంతా విని లచ్చవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది.

"నువ్వు కట్టేదానికి బోర్డు పెడ్తవా?"

"పెట్టనవ్వా."

"నీ పేరేంది బిడ్డా?"

"సుజాత."

జగిత్యాల బస్సు వచ్చింది. నేనెక్కి కూర్చున్నాను. ముందు సీటులోని ఆమె, లచ్చవ్వ వాడకట్టుదే కాబోలు, కిటికీలోంచి తల బయటపెట్టి, "లచ్చవ్వా, గీడ కూసున్నవేంది? ఏ ఊరికి?" అని కేకేసింది.

లచ్చవ్వ తడుముకోలేదు. "ఇయ్యాల గాదు. వానలకు ముంగటనే జగిత్యాల పోత. మా సుజాతింటికి!"

బస్సు కదిలింది. ఇంత మంచి ప్రయాణం ఈమధ్య చేయలేదు. హాలుకింకా తలుపులైనా లేవు. చుట్టాలు బయల్దేరుతున్నారు, తొందరగా ఇల్లు సర్దాలి.