మంత్రిగారు విన్న హెడ్డింగు

ఆ ఎడిటరు స్నేహం చూసి తీరాలండీ. మొదటి పేజీ హెడ్డింగు మంత్రిగారికి ఫోన్లో చదివి వినిపించందే అచ్చుకి పంపడు. వినిపించేటప్పుడు కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని మరీ నిలబడతాడు. మొన్న మంత్రి కట్టించిన కొత్త వంతెన కూలి, ఎడిటరు సొంత బావే వ్యానుతో సహా ఏట్లో పడి చచ్చిపోయాడు. చెల్లెలు ఆఫీసుకొచ్చి బావురుమంది.

"అన్నయ్యా, వంతెన నాసిరకమని ఒక్క ముక్క రాయి. మీ బావ డ్రైవింగునే తప్పుపడుతున్నారు అందరూ."

"రాయకుండా ఉంటానా, నా తల్లీ!" అని కళ్ళు తుడుచుకుని, ఫోను తీసి లేచి నిలబడ్డాడు.

తెల్లారి పేపర్లో 'తాగిన డ్రైవరు గుద్దుడికి కూలిన వంతెన' అని వచ్చింది. పెళ్ళిళ్ళలో కూడా చుక్క ముట్టని మనిషండీ పాపం! చెల్లెలు పేపరు తెచ్చి బల్లమీద పడేస్తే, అన్న ఆమె తల నిమిరాడు.

"మంత్రిగారి ఫోటో పక్కనే బావది వేయించానే. ఎవరికి దక్కుతుంది చెప్పు, ఆ భాగ్యం?"