ఒక్క మోకాలికి రెండు మొక్కులు

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో ఒక బంగ్లాదేశ్ ఫాస్ట్ బౌలర్ మీద ఏదో కార్యక్రమం వచ్చింది. అతను ఎప్పుడు దేశం జట్టులోకి వచ్చాడు, ఎవరెవరిని ఔట్ చేశాడు అని ఒక గొంతు గడగడా చెప్పుకుపోతోంది. నాకు అవేమీ బుర్రకెక్కలేదు గానీ ఒకటి మాత్రం బాగా అర్థమైంది. మనిషి మోకాలు పట్టుకుని పడిపోతాడు, నలుగురు మోసుకుపోతారు, ఆపరేషన్ అంటారు. కొన్నాళ్లకు అదే మోకాలికి పట్టీ బిగించి మళ్లీ పరిగెత్తుకొస్తాడు. ఇది ఒక్కసారితో అయిపోలేదు. చూస్తున్న నాకే కాళ్లు పీకాయి. పక్క కుర్చీలో మా మరిది రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి, నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలు తప్ప మిగల్లేదు, కానీ ఒడిలో కుడిచేతి రెండు వేళ్లూ బంతిని పట్టుకున్నట్టే విడివడి ఉన్నాయి. నేను కోసి తెచ్చిన మామిడిపండ్ల పళ్లేన్ని, ప్రతి వేసవిలో చేసినట్టే, చూడకుండానే నా వైపు జరిపాడు. తినమని నేనూ అనలేదు. మా ఇంట్లో అతన్ని ఆ మాట అడగడం మానేసి చాలా ఏళ్లయింది.

నేను నల్లగొండ దగ్గర పల్లె నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా వాళ్లంతా పట్నం సంబంధమని మురిసిపోయారు. తీరా వచ్చి చూస్తే వాకిట్లో రెండు బర్రెలు, వెనక గడ్డివాము. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి కర్మన్‌ఘాట్ వైపు నడిస్తే ఇండ్ల కన్నా ద్రాక్షపందిళ్లే ఎక్కువ కనిపించేవి. మా ఊరికీ దీనికీ తేడా ఏమిటా అని నేను దిగులుపడుతుండగానే ఆ తేడా లారీల్లో దిగడం మొదలైంది. ఎల్బీనగర్ దాకా ఎటు చూసినా ఇటుక, ఇసుక, సున్నం పూసిన హద్దురాళ్లు. పొద్దున జొన్నచేనుగా ఉన్నది సాయంత్రానికి కాలనీ అయ్యేది. ఒక్క ఇల్లూ లేవకముందే బోర్డు లేచేది. కాలనీకి తన పేరు పెట్టించుకోని దేవుడు మా చుట్టుపక్కల ఒక్కడూ మిగల్లేదు. మా మామగారు కూడా పొలాన్ని ప్లాట్లు చేసి అమ్ముతూ వచ్చారు, ఇంటి వెనక కల్లం ఒక్కటే ఉంచుకున్నారు. వడ్లు నూర్చడానికి ఏటా పేడతో అలికి, రాతిగుండు దొర్లించి గట్టిపరిచిన నేల అది, గచ్చులా ఉండేది. నూర్చడానికి వడ్లు లేకుండా పోయాక దాన్ని మా మరిది స్వాధీనం చేసుకున్నాడు.

అతనప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. చదువుతున్నాడని మా మామగారు అనుకునేవారు. పొద్దు పొడవగానే కల్లానికి ఒక చివర మూడు కందికట్టెలు పాతి, తను మాత్రం హద్దురాయి అవతల, అప్పటికే ఎవరికో అమ్మేసిన ప్లాటులోంచి పరుగు మొదలుపెట్టేవాడు. బంతి వంటింటి గోడకు తగిలిన చప్పుడుకు నా చేతిలో గరిటె అదిరిపడేది. పట్నంలో ఒక క్లబ్బు తరఫున లీగు మ్యాచ్‌లు ఆడేవాడు. ఆ ఏడు రాష్ట్రం జట్టు సెలక్షన్‌కి పిలుస్తారని క్లబ్బులో అనుకుంటున్నారట. అతనికి ఇక వేరే లోకం లేదు. "వదినె, ఒక్కసారి ఆ జట్టు టోపీ పెట్టుకున్ననంటే సాలు, ఇగ నువ్వు జెప్పిన పిల్లనే చేసుకుంట" అని నాకు లంచం చూపించేవాడు. మా అత్తమ్మకు మాత్రం ఆ ఆటంటే కిట్టేది కాదు. "ఎడ్లు తిరిగిన జాగల ఎద్దు లెక్కనే ఉరుకుతడు, ఏడ కాలు ఇరగ్గొట్టుకుంటడో" అని రోజూ సణిగేది.

ఆమె భయపడ్డట్టే అయింది. ఒక మ్యాచ్‌లో బంతి వేసి కాలు మోపగానే అప్పట్లో పిచ్ మీద పరిచే పీచు చాపలో అడుగు చిక్కి మోకాలు మెలి తిరిగిపోయింది. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లారు. పిండికట్టు వేసిన డాక్టరు, "నడుస్తాడు. పరుగు సంగతి ఇప్పుడే చెప్పలేను" అన్నాడు. తల్లి మొదటి మాట దగ్గర ఆగిపోయింది, కొడుకు రెండో మాట దగ్గర. ఆ సాయంత్రమే అత్తమ్మ కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోయి మొక్కుకుని వచ్చింది. మంచం మీద కాలు చాపుకున్న మా మరిది, గోడమీది క్యాలెండర్లో ఉన్న అదే హనుమంతుడికి తనూ మొక్కుకున్నాడని అప్పుడు మాకెవరికీ తెలియదు.

కట్టు విప్పారు. కర్రతో నడిచాడు, కర్ర లేకుండా నడిచాడు, నెలలు గడిచాక ఒక పొద్దున మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఇంక మొక్కు చెల్లించాలని మంగళవారం ముగ్గురం గుడికి వెళ్లాం. ఆకుపూజకు తమలపాకులు తల్లీకొడుకులిద్దరూ విడివిడిగా కొనడం చూసి నాకు అనుమానం వచ్చింది. మొక్కేమిటని పూజారిగారు అడిగారు.

"నా కొడుకు మోకాలు మంచిగైతే ఇగ వాడు బంతి ముట్టడని మొక్కిన" అంది అత్తమ్మ.

మా మరిది చేతిలో కొబ్బరికాయ జారబోయింది. "అమ్మా! మోకాలు మంచిగైతే మల్ల బౌలింగ్ చేస్తనని నేను మొక్కిన!"

పూజారిగారు ఇద్దరి వంకా చూసి, తర్వాత స్వామి వంక చూశారు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తారు. "ఒక్క మోకాలికి రెండు మొక్కులా తల్లీ? అది మీరూ మీరూ తేల్చుకోండి. ఆకులు మాత్రం ఇద్దరివీ వేస్తాను" అన్నారు. నాకు నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను గానీ అత్తమ్మ ఒక్క చూపు చూసేసరికి నోరు మూతపడింది.

ఇంటికి తిరిగొచ్చాం. గడప దాటాక మా మరిది ఒక్కటే అడిగాడు, "నువ్వెప్పుడు మొక్కినవే అమ్మా?" అని. "నిన్ను దవాఖానకు తెచ్చిన్నాడే" అందామె. "నేను తెల్లారి మొక్కిన" అన్నాడు. అంతే. ముందు మొక్కిందే ముందు చెల్లాలని తనకు తనే తీర్పు చెప్పుకుని, అలమారలోని ఎర్రబంతి తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. దేవుడికిచ్చిన మాటంటే ఆ ఇంట్లో అంత పట్టింపు. మా ఆయన కలగజేసుకోబోతే మామగారు కసిరి కూర్చోబెట్టారు.

మర్నాడు పొద్దున నేను వాకిలి చల్లుతుంటే కల్లం వైపు నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే మా మరిది హద్దురాయి దగ్గర్నుంచి పరిగెత్తుకొస్తున్నాడు. ఎగిరాడు, చెయ్యి తిప్పాడు, వంగి ముందుకు సాగాడు. చేతిలో ఏమీ లేదు. అమ్మ మొక్కు బంతి ముట్టనని కదా, పరుగు ఎవరూ మానమనలేదు. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆ తర్వాత కూడా అదే పని. "ఒట్టి చేతులతోని ఏం ఆట ఇది?" అని అడిగాను. "కాలు మరిచిపోవద్దు గద వదినె. చేతికి యాదుంటది, కాలికే రోజూ చెప్పాలె" అన్నాడు. అవతలి ప్లాటు కొన్న కోస్తా వాళ్లు పునాది తవ్వేసరికి పరుగు సగానికి సగం తగ్గింది. ఆ సగంలోనే పరిగెత్తాడు. కాలనీలో జనం ఆగి చూసి, బుద్ధిమంతుడు ఇట్లయిపోయాడేమిటని పెదవి చప్పరించి పోయేవారు. అత్తమ్మ బర్రె చాటున పాలచెంబు పట్టుకుని నిలబడి, చూడనట్టు చూసేది. ఒకరోజు ఆ చెంబు కింద పెట్టేసి, "ఆ ఒట్టి చెయ్యి ఊపుడు నాతోని సూసుడు గాదు. పా బిడ్డా, గుడికి పోదాం" అని నన్ను పిలిచింది.

మా అత్తమ్మకూ మామిడిపండుకూ ఉన్న సంబంధం ఇక్కడ చెప్పకపోతే ఆ రోజు జరిగినదాని బరువు తెలియదు. ప్లాట్ల కోసం తోటలో మామిడిచెట్లు కొట్టించినప్పుడు ఆమె మామగారితో ఒక వేసవి మొత్తం మాట్లాడలేదు. పండు దొరికితే ముందు కళ్లు మూసుకుని వాసన చూసేది. అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిన్న చిల్లు చేసి, టెంక తెల్లబడేదాకా జుర్రేది. అంతసేపూ ఇంటికి ఎవరొచ్చినా, ఎవరు పిలిచినా పలికేది కాదు. అట్లాంటి మనిషి ఆ రోజు గుళ్లో స్వామి ఎదురుగా నిలబడి, పక్కింటాయనతో మాట్లాడినట్టు పైకే చెప్పింది.

"సామీ, నా కొడుకు ఆట ఇడిపిస్తనని నీకు జెప్పిన. తప్పయింది. అది వానిది. వానిది నేనెట్ల ఇస్త? నాది నేనిస్త. మామిడిపండు ఇడిచిన. బతికున్నంత కాలం ముట్ట. వాని మోకాలు నువ్వు సూసుకో."

నేను బిత్తరపోయాను. బయటికొచ్చాక, "అత్తమ్మా, ఇంకేదన్నా ఇడవరాదా, కాకరకాయో ఏదో?" అన్నాను. "కాకరకాయ ఇస్తె దేవుడు నవ్వడా?" అంది. ఇంటికి రాగానే బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి బంతి తీసి, కొంగుతో తుడిచి కొడుకు చేతిలో పెట్టింది. "మరి మొక్కు?" అన్నాడతను. "సామికి నేను సెప్పుకున్న తియ్యి. ఉరుకు పో."

హనుమంతుడు ఆమెను ఊరికే వదల్లేదు. పండ్ల మార్కెట్టు మాకు దగ్గర్లోని గడ్డిఅన్నారానికి వచ్చిపడింది కూడా ఆ వేసవిలోనే. మామిడి లారీలు బారులు తీరేవి, గాలి ఇటు తిరిగితే మా మేడ మీదికి వాసన వచ్చేది. ఇంటికొచ్చే చుట్టాలందరికీ మార్కెట్టు దారిలోనే పడేది, ఎవరి చేతిలో చూసినా మామిడిపండ్ల బుట్టే. వెనక పోర్షన్‌లో కిరాయికున్న గుంటూరావిడ ఒకరోజు పళ్లెం నిండా తెచ్చింది.

"అదేంటండీ పిన్నిగారూ, ఇంత తియ్యటి రసాలు తెస్తే వద్దంటారేంటి?"

"మొక్కున్నదమ్మా. పిలగాని మోకాలు కోసం ఇడిచిన."

"మరి పొద్దున ఆవకాయ వేసుకుని తిన్నారుగా!"

"పండు ఇడిచిన, తొక్కు ఇడువలేదు. నేనేమన్న గంత అమాయకురాలినా?"

మేం పడీపడీ నవ్వుతుంటే మా మరిది వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల్లి ఏం విడిచిందో అతనికి తెలిసింది అప్పుడే.  మొహం పాలిపోయింది. ఆ సాయంత్రం గోడకు తగిలిన బంతుల చప్పుడుకు గుంటూరావిడ సామాన్లు అటకమీంచి రాలాయి.

మళ్లీ సీజను మొదలైన మొదటి మ్యాచ్‌కి అత్తమ్మ తనూ వస్తానంది. గొడుగు, టిఫిన్ డబ్బా పట్టుకుని ఇద్దరం గ్రౌండు అంచున కూర్చున్నాం. మా మరిది పొట్టి పరుగుతో వచ్చాడు, బంతి వేశాడు, వేసిన ఊపులో ముందుకు బోర్లా పడ్డాడు. దెబ్బతిన్న ఆ కాలే కింద చిక్కుకుపోయింది.  నేను లేవబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టి గుంజి కూర్చోబెట్టింది.  "లేస్తడు. నేనిచ్చిన గద" అంది. లేచాడు. మోకాలి మట్టి దులుపుకుని, మా వైపు చూడకుండా వెనక్కి నడిచాడు. ఆ ఓవర్లోనే ఒకడి మధ్య వికెట్టు గాల్లోకి లేచింది. "ఆ కట్టె పడగొట్టినందుకు వాళ్లు తిట్టరా?" అని అత్తమ్మ నన్ను కంగారుగా అడిగింది.

రాష్ట్రం టోపీ మాత్రం రాలేదు. సెలక్షన్‌కి రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. రెండోసారి నా ముందే వలవలా ఏడ్చాడు. మర్నాడు పొద్దున మళ్లీ కల్లంలో ఉన్నాడు. ఆ ఆట పుణ్యమాని ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, నేను చెప్పిన పిల్లనే చేసుకున్నాడు, నలభై నిండేదాకా ఆ పొట్టి పరుగుతోనే లీగులో బౌలింగ్ చేశాడు. ఆపేసిన రోజున బుట్టెడు రసాలు తెచ్చి తల్లి ఒడిలో పెట్టాడు. "అమ్మా, ఇయ్యాల్టితోని నా ఆట బంద్. నీ మొక్కు తీరింది. తిను." ఆమె ఒక పండు తీసి, కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూసింది. తర్వాత నా చేతిలో పెట్టి పిల్లలకు కొయ్యమంది. "నేను మొక్కింది నీ మోకాలికిరా, ఆటకు గాదు. అది నడుస్తనే ఉన్నది గద. ఇచ్చింది మల్ల అడుగుతరా ఎవరన్న?" అంది. ఆ రోజు నుంచి మా మరిది కూడా మామిడిపండు నోట పెట్టలేదు.

ఆమె పోయింది కూడా ఒక వేసవిలోనే. పెద్దకర్మ నాడు విస్తట్లో ఆమెకు ఇష్టమైనవన్నీ పెడుతుంటే, మామిడిపండు పెట్టాలా వద్దా అని చుట్టాలు వాదించుకున్నారు. మా మరిది ఎవరి మాటా వినలేదు. ఒక రసం తీసుకుని అరచేతుల మధ్య మెత్తగా పిసికి, తొడిమ దగ్గర చిల్లు చేసి, విస్తట్లో పెట్టాడు. "బతికున్నంత కాలమనే అన్నది. ఇప్పుడు తినొచ్చు" అన్నాడు. 

మొన్న టీవీలో ఆ బంగ్లాదేశ్ పిల్లవాడు పట్టీ బిగించుకుని మళ్లీ పరుగు అందుకున్నప్పుడు మా మరిది నెమ్మదిగా అన్నాడు, "వదినె, ఈ పిలగాని కోసం వాళ్లమ్మ ఏం ఇడిచిందో" అని.  పళ్లెం మా ఇద్దరి మధ్యా అట్లాగే ఉండిపోయింది. కల్లం మీద ఇప్పుడు నాలుగంతస్తుల ఇల్లుంది, ఆ క్లబ్బు పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. ఇన్నేళ్లలో ఎన్నో పోయాయి గానీ, వేసవి మాత్రం ఏటా ఆమె వాటా పండు పట్టుకుని మా గడపలోకి వస్తూనే ఉంది.