పూజలో పెట్టిన స్పానర్లు

గ్రీజు, గంధం కలిసిన వాసన తగిలితే నాకు నాయన మోటార్‌సైకిల్ గుర్తొస్తుంది. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయని అడిగేవాళ్లు చిత్తూరులో ఆయుధపూజ చూడలేదన్నమాట.

నాయన బంగారుపాళ్యం మామిడితోటలకు బండి మీదే తిరిగేవాడు. అమ్మ పాతచీరతో కుట్టిన అరల సంచిలో ఒక్కో స్పానర్‌ను దాని అరలో పెట్టి, చుట్టి, సీటు వెనక కట్టుకోనిదే బయలుదేరేవాడు కాదు. పూజలో పెట్టిన వస్తువును మర్నాటిదాకా ముట్టకూడదు. పండగపూటైనా ఆయన ఇంట్లో ఉంటాడని, ఎనిమిదేళ్ల నేను ఆ సంచిని నా బడిపుస్తకాల పక్కన పెట్టి బొట్టు కూడా పెట్టాను.

అయినా నాయన సంచి లేకుండానే వెళ్లాడు. దారిలో ప్లగ్గుకు మసి పట్టి బండి ఆగిపోతే, విప్పే స్పానర్ లేక, సాయంత్రానికి తోసుకుంటూ వచ్చాడు.

"సంచి యాడ పెట్టినావో సూసుకోవద్దా?" అమ్మ అరిచింది.

"పూజలో ఉండాది. పొద్దున్నే సూసినా."

"సూసి కూడా తీసుకోలేదా?"

"పాప పెట్టింది గదా, ఎట్ల తీసేది? పూజలోవి ముట్టగూడదంట."

"నాయనకూ దేవుడంటే భయమే" అని అమ్మతో ఏళ్ల తరబడి వాదించాను. ఆయన ఏ గుడిలోనూ చెయ్యెత్తి మొక్కినవాడు కాదని తట్టాక, ఆ వాదన నేనే మానుకున్నాను.