చెండు అంటే తెలిసిన పాప

నేను పెట్టిన నాలుగు అర్జీలకు ఇంతవరకు ఒక్క జవాబు కూడా రాలేదు. అందుకే సంగతి ఇక్కడ రాస్తున్నాను.

ఉద్యోగంలో చివరి ఐదేళ్లు కంబదూరు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు రిసోర్స్ టీచరుగా పనిచేశాను. వారంలో మూడు రోజులు మండల కేంద్రంలోని గదిలో పాఠాలు; మిగతా రోజులు బడులకు, మంచం దిగలేని పిల్లల ఇళ్లకు తిరగడం. మా హోదా ఏమిటో హెడ్మాస్టర్లకే తెలియదు. ఒకాయన ఐదేళ్లూ నన్ను 'ఆయా సారు' అనే పిలిచాడు. ఆయన పేరు నేను మరిచిపోలేదు.

రెండో ఏడాది బడులు తెరిచాక అంజలి నా జాబితాలోకి వచ్చింది. మూడో తరగతి. బడిలో మొద్దు అన్నారు. నేను వెనక నిలబడి పళ్లెం మోగిస్తే తిరగలేదు. ఎదురుగా మాట్లాడితే నా పెదాలు చూసి చెప్పిన పని చేసింది. వినికిడి లోపమని ఫారంలో రాసి, తల్లి సుంకమ్మతో పాటు వైకల్య నిర్ధారణ శిబిరానికి తీసుకుపోయాను. అక్కడ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్ ఉంటేనే వినికిడి యంత్రం మంజూరవుతుంది.

టోకెన్లు ఇచ్చే గుమాస్తా పాప పలకకుండా నవ్వడం చూసి బుద్ధిమాంద్యం వరుసలో నిలబెట్టాడు. ఫారం చూపించాను.

"నువ్వేమన్నా డాక్టరా అప్పా? పక్కకు జరుగు," అన్నాడు.

నన్నూ సుంకమ్మనూ గుమ్మం బయటే ఆపారు. లోపల డాక్టరు, వేరే జిల్లా ఆయన, "బంతి ఎక్కడుంది?" అని మూడుసార్లు అడిగాడు. పాప ఆయన నోటి వంకే చూస్తూ నవ్వింది. ఆయన రాసుకున్నాడు.

ఆ ఇంట్లో ఎవరూ బంతి అనరు, ఎక్కడ అనరు. ఆ మాటలకు పెదాలు ఎలా కదులుతాయో పాప ఎన్నడూ చూడలేదు. సుంకమ్మ ఆగలేక గుమ్మంలోంచి తల పెట్టి, "పాపా, చెండు యాడుండాది?" అంది. పాప వంగి, డాక్టరు కుర్చీ కిందికి దొర్లిన చెండు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"చూడు సార్! నా బిడ్డకు తెలివి లేదంటావా?" అంది సుంకమ్మ.

తల్లి సైగ చేసిందన్నాడాయన. తర్వాతి టోకెను పిలిచారు. సర్టిఫికెట్‌లో బుద్ధిమాంద్యం అని వచ్చింది.

అనంతపురంలో చెవి పరీక్ష చేయించాను. రెండు చెవులకూ తీవ్రమైన లోపమని కాగితం ఇచ్చారు. దాన్ని జతచేసి, మళ్లీ పరీక్షించమని ఏడాదికొకటి చొప్పున అర్జీ పెట్టాను. నాలుగోది రిటైరయ్యాక పెట్టాను. రసీదులన్నీ నా దగ్గరున్నాయి.

పిల్లను పరీక్షించే ముందు ఆ ఇంట్లో వస్తువును ఏమంటారో అడగాలి. ఆ రోజు నేను నేర్చుకున్నది ఇదే. ఆ తర్వాత ఏ శిబిరంలోనూ తల్లిని బయట నిలబెట్టనివ్వలేదు. దానికీ నా మీద ఫిర్యాదు పోయింది.

అంజలి ఇప్పుడు ఏడో తరగతి. ముందు బెంచీలో కూర్చుంటుంది. సారు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా పాఠం పోతుంది. పునఃపరీక్ష ఏ రోజు? చేయకపోతే ఎందుకు చేయరు? ఎవరో ఒకరు సంతకం పెట్టి సుంకమ్మకు జవాబు ఇవ్వండి.