చెన్ సాబ్ దుకాణంలో నాలుగో బిళ్ల

భద్రకాళి అమ్మవారి మీద ఒట్టు. నా కుడిచేతి మీద ఒట్టు. బోర్డులు రాసి బతికేవాడికి అంతకు మించిన ఒట్టు లేదు. కింద రాసిన దాంట్లో ప్రతి అక్షరం నిజం.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, వరంగల్ చౌరస్తాలో నా మాటకు విలువ లేదు. హసన్‌పర్తి చెరువులో నేను గాలం వేస్తే ఒక చేప నన్నే అవతలి ఒడ్డుకు లాక్కెళ్లి దింపిందని ఒకప్పుడు చెప్పాను. అబద్ధమే. అలాంటివి వంద చెప్పాను. కానీ దయ్యాల కథ మాత్రం ఒక్కటీ చెప్పలేదు. దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. శ్మశానం గోడ మీద పళ్లపొడి ప్రకటన రాసి, ఆ గోడ నీడలోనే సద్ది తిని కునుకు తీసినవాణ్ణి. నమ్మని దాని మీద అబద్ధం ఆడటం నాకు చేతకాదు.

నా దుకాణం పక్కనే చెన్ సాబ్ పళ్ల దవాఖాన ఉండేది. ఆయన చైనావాడు. తండ్రి కాలంలోనే కలకత్తా వచ్చి స్థిరపడ్డారట. అక్కడ పళ్లు కట్టే పని నేర్చుకుని, చైనాతో యుద్ధం రావడానికి అయిదేళ్ల ముందు ఒంటరిగా మా ఊరొచ్చాడు. ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవాడు. చెయ్యి ఎంత తేలికంటే, పన్ను ఊడిందని తెలిసేలోపు ఉప్పునీళ్ల గ్లాసు మన చేతిలో ఉండేది.

జనం మీద పడుతున్నారని వరస కోసం చెక్క బిళ్లలు పెట్టాడు. ఆకుపచ్చ చెక్క మీద తెల్ల పెయింటుతో అంకెలు రాసింది నేనే. వడ్రంగి గోడకు ఇరవై మేకులు కొట్టాడు. బిళ్లలు మాత్రం పద్దెనిమిదే. నాలుగు వద్దు, పద్నాలుగు వద్దు అన్నాడు చెన్ సాబ్. వాళ్ల భాషలో నాలుగన్నా చావన్నా దాదాపు ఒకే పలుకట. రోగి చేతిలో ఆ అంకె ఎట్లా పెడతానన్నాడు. ఎనిమిది అలా కాదు. అది పలికితే కలిమి అన్నట్టే వినిపిస్తుందట. అందుకని ఎనిమిదో బిళ్లను వరసలో ఇచ్చేవాడు కాదు. బాగా భయపడి వచ్చినవాళ్ల కోసం జేబులో దాచేవాడు.

మా ఊళ్లో ఇది అడ్డం తిరిగింది. ఆయనకు ఎనిమిది అదృష్టం, మాకు శని. అష్టమి నాడు గడప దాటని మనుషుల చేతిలో తీసుకెళ్లి ఎనిమిది పెడితే ఊరుకుంటారా? నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ వాచిన దవడ పట్టుకునే ఆయన్ను కడిగేసింది.

"నీకు దండం బెడ్త గని గా శని బిళ్ల నాకొద్దు బిడ్డా! పంటి నొప్పికి వస్తె పాణం మీదికి తెస్తవా?"

"అమ్మా, గిది మస్తు మంచి నంబర్. మా దిక్కు గిది దొరకాల్నంటె నసీబుండాలె."

"గా నసీబేదో నువ్వే ఉంచుకో. నాకు నాలుగియ్యి. నాలుగు లేదా? గిదేం దుకాణమయ్యా, మూడు తర్వాత అయిదంట!"

నోట్లో దూది కుక్కుకుని కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. చెన్ సాబూ నవ్వాడు. కానీ ఎనిమిది ఇవ్వడం మానలేదు. తన దగ్గరున్న మంచి వస్తువు అదొక్కటే అన్నట్టు ఇచ్చేవాడు.

ఒకసారి ఆటపట్టిద్దామని నేను కుంచె తీశాను. "సాబ్, ఒక నాలుగు రాసి ఖాళీ మేకుకు తగిలిస్త. ముసలమ్మలు ఖుష్ అయితరు" అన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ మొహం అలా మారగా చూడటం అదే మొదలు, అదే ఆఖరు. "మజాక్‌కు గూడ వద్దు భాయ్. నువ్వు రాస్తె అది నాకే వస్తది" అన్నాడు. రాయనని మాటిచ్చాను. రాయలేదు.

మా ఎదురుగా వీరేశం బట్టల దుకాణం. వాళ్లమ్మకు చెన్ సాబే పళ్ల సెట్టు కట్టాడు. కుర్చీ చూసి ఆమె వణికిపోతుంటే ఎనిమిదో బిళ్ల చేతిలో పెట్టాడు. రెండు నెలలకు ఆమె పోయింది. ఎనభై దాటిన మనిషి, ఆయాసంతో పోయింది. వీరేశం మాత్రం ఆ బిళ్లనే మనసులో పెట్టుకున్నాడు.

అంతలో యుద్ధం వచ్చింది. ఊరంతా రేడియోల ముందు చేరింది. చాయ్ హోటల్లో ఒక పొద్దున, పదిమంది మధ్య వీరేశం నోరు తెరిచాడు.

"మూడు తర్వాత అయిదేందివయా? నాలుగేడ వోయింది? స్టేషన్ల నాలుగో లైను మీద బాంబు ఎయ్యమని ఇమానాలోళ్లకు సైగ గది. పద్నాలుగు గూడ లేదు, సూడుండ్రి. పద్నాలుగో తారీఖు అన్నట్టు!"

విమానంలో ఉన్నవాడికి చౌరస్తాలో గోడ లోపల వేలాడే చెక్క బిళ్ల ఎట్లా కనిపిస్తుందని ఒక్క వెధవ అడగలేదు. సాయంత్రానికి ఆ మాట బజారంతా పాకింది. మర్నాటికి హనుమకొండ చేరింది. ఎవరో పోలీసులకు అర్జీ రాశారు. పన్ను నొప్పి లేనివాళ్లు కూడా వచ్చి, ఖాళీ మేకుల వైపు వేలు చూపించి, గడప మీద ఉమ్మేసి పోయారు. ఎవరు వాళ్లు? ఆయన పన్ను పీకితే ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయినవాళ్లు! ఆయన కట్టిన పళ్లతోనే ఆయన్ను నమిలారు. ఏళ్లు గడిచాయి. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా కణతలు కొట్టుకుంటున్నాయి.

వారం తిరక్కుండా పట్టపగలు పోలీసు జీపు వచ్చింది. దేశంలో వేరే చోట్ల కూడా చైనావాళ్లను అలాగే తీసుకుపోయారని తర్వాత తెలిసింది. కానీ మా ఊళ్లో ఉన్నది ఒక్కడు. ఎవరూ గుర్తు చేయకపోతే వదిలేసేవారేమో. ఆయన ఒక ట్రంకు పెట్టె సర్దుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "దుకాణం జర చూసుకో భాయ్. లొల్లి సల్లబడంగనే వస్త" అన్నాడు. బజారంతా నిలబడి చూసింది. సాబును ఎందుకు తీసుకుపోతున్నారని ఒక్క నోరూ అడగలేదు. ఆయన బాగుచేసిన నోళ్లే అన్నీ.

మూడు నెలలు గడిచాయి. ఒక మంగళవారం, భోజనం చేసి, దుమ్ము దులుపుదామని ఆ దుకాణం తీశాను. తాళం తుప్పు పట్టి, కిరసనాయిలు పోస్తే గాని తిరగలేదు. లోపలికి వెనక దారి లేదు. కిటికీ గడియ వేసింది వేసినట్టే ఉంది. నేల మీద మందంగా పేరుకున్న దుమ్ములో నా అడుగులు తప్ప వేరే అడుగు లేదు.

మూడుకూ అయిదుకూ మధ్య మేకుకు బిళ్ల వేలాడుతోంది. ఆకుపచ్చ చెక్క. తెల్ల పెయింటు. నాలుగు.

నేను నాలుగంకె రాస్తే నిలువు గీత చివర ఎడమకు చిన్న కొక్కెంలా వంచుతాను. ఊళ్లో నేను రాసిన ఏ బోర్డు మీదైనా చూసుకోవచ్చు. ఆ కొక్కెం ఉంది. వేలు పెట్టాను. పెయింటు వేలికి అంటింది. ఇంకా తడిగా ఉంది. ఆ వారం నా దగ్గర తెల్ల పెయింటు చుక్క కూడా లేదు.

బిళ్ల పట్టుకుని హోటల్లోకి పరుగెత్తాను. అంతా చెప్పాను. వాళ్లు పగలబడి నవ్వారు.

"చేప కథ అయిపోయిందా అన్నా? ఇగ బిళ్ల కథ షురూ జేసినవా?"

"రాసింది నువ్వే, తెచ్చింది నువ్వే. మమ్ముల సాచ్ఛెం జెప్పుమంటవా?"

చాయ్ కప్పు నేలకేసి కొట్టి బయటికొచ్చాను. జన్మలో ఒక్కసారి నిజం మోసుకొస్తే వినేవాడు లేడు. బాంబుల మాట నమ్మిన చెవులే కదా అవి!

పదిహేను రోజులకు కలకత్తా నుంచి కార్డు వచ్చింది. రాసింది చెన్ సాబ్ మేనల్లుడు. రాజస్థాన్ ఎడారి వైపు, చైనావాళ్లను నిర్బంధించిన క్యాంపులో జ్వరంతో మామయ్య పోయాడని, తాళంచెవి ఎవరికివ్వాలో తర్వాత రాస్తానని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. పోయిన రోజూ, పూటా రాశాడు. ఒక మాస్టారి చేత మూడుసార్లు చదివించుకున్నాను. అదే మంగళవారం, అదే మధ్యాహ్నం.

ఆ బిళ్ల నా దగ్గరే ఉంది. మే నెల ఎండలో పెట్టాను. పొయ్యి పక్కన పెట్టాను. ఆ పెయింటు ఈనాటికీ ఆరలేదు. ముట్టుకుంటే వేలికి తెల్లగా అంటుతుంది. నా చేతి రాత నా చెయ్యి లేకుండా అక్కడికెట్లా వచ్చిందో, ఆ తడి ఏమిటో పెయింటు పని తెలిసినవాళ్లెవరైనా చెబితే వింటాను. నాకు తెలియదు.

ఇక ఒట్టు సంగతి. ఒకచోట తప్పాను. మీరనుకునే చోట కాదు. బిళ్ల నిజం, తడి నిజం, కార్డు నిజం. కల్పించింది వీరేశం పగ, వీరేశం మాటలు. తల్లి పోయినందుకు అతను చెన్ సాబును ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆ పొద్దున హోటల్లో అతనన్నది, "ఊకోవయ్యా, గిసొంటియి నవ్వులాటకు గూడ అనద్దు" అని, అంతే. అన్నది నన్ను. నాలుగో లైను, బాంబు, పద్నాలుగో తారీఖు, చాయ్ చల్లారేలోపు అల్లింది నేను. నేను చెప్పిన వంద కథల్లో ఈ ఊరు నమ్మింది అదొక్కటే.